విజయనగర సీమలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో క్రైస్తవ్యము ఎప్పుడు వచ్చిందని మన సంఘాలలో ఎవరినడిగినా, సాధారణంగా "దొరల కాలంలో" అనే జవాబు వస్తుంది. లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారిలో పని ప్రారంభించినప్పటినుండి లెక్క మొదలుపెట్టడము మనకు అలవాటు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు ఈ మూడు ఊళ్ళూ బళ్ళారి జిల్లాలోనివే గనుక ఆ లెక్కకు కొంత ఆధారమున్నది. అయితే బళ్ళారి మిషనుకు మూడు వందల సంవత్సరాల ముందే ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి శ్రీకృష్ణదేవరాయల రాజధానికి వచ్చాడు. పెనుకొండ ఆ సామ్రాజ్యపు ముఖ్య దుర్గాలలో ఒకటి. 1565 తల్లికోట యుద్ధము తరువాత అదే రాజధాని అయింది.

ఈ సభవారి ప్రభావము దక్షిణ దేశములో ఎంతవరకు పాకింది, మన సీమలో ఎందుకు వేరూనలేదు అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. ఇవి కథోలిక సంఘానికి మాత్రమే చెందిన ప్రశ్నలు కావని, నేటి మన పరిచర్యకు కూడా తగులుతాయని మా అభిప్రాయము.

భిక్షాటన సభ

అస్సీసి ఫ్రాన్సిస్ ప్రారంభించిన సహోదర బృందానికి 1209లో పోపు మూడవ ఇన్నోసెంటు నోటిమాటగా అనుమతినిచ్చాడు. 1223లో వారి నియమావళి అధికారికంగా ఆమోదము పొందింది. అంతవరకు మఠవాసులంటే గోడల నడుమ, మఠపు భూముల ఆదాయముతో జీవించేవారు. ఈ సహోదరులు అలా గాక ఊరూరా తిరిగి, పనిచేసి, చాలనప్పుడు భిక్షమెత్తి బ్రతికారు. డబ్బు ముట్టరాదు, అవసరమో జబ్బో ఉంటే తప్ప గుఱ్ఱమెక్కరాదు అని నియమము. గుఱ్ఱము ఆనాడు ప్రభువుల వాహనము.

అన్యమతస్థుల మధ్యకు వెళ్ళేవారికి 1221 నాటి నియమావళి రెండు మార్గాలు చూపింది. మొదటిది, వాదవివాదాలు లేకుండా అందరికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని ఒప్పుకొనడము. రెండవది, దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యము ప్రకటించడము. ఫ్రాన్సిస్ స్వయంగా 1219లో, క్రూసేడు యుద్ధము జరుగుతుండగానే, ఐగుప్తు సుల్తాను అల్ కామిల్ ఎదుటకు ఆయుధము లేకుండా వెళ్ళాడు.

ఇటువంటి జీవితము మన సీమవారికి వింత కాదు. జంగమయ్య గంట వినబడితే, హరిదాసు వాకిట నిలిస్తే చేటలో గింజలు తెచ్చి పోసిన ఇండ్లు ఇవి. చేతిలో ఏమీ లేకుండా దేవుని పేరు చెప్పుకొని తిరిగేవానిని గౌరవించడము ఇక్కడి ప్రజలకు ఎవరూ నేర్పనక్కరలేదు. అందుచేత ఈ సన్యాసుల మాట చెవిన పెట్టడానికి మన సీమ ముందే సిద్ధపడి ఉన్నదనవచ్చు.

తూర్పు తీరము మీదుగా

చీనా దేశానికి వెళ్తున్న మోంటెకొర్వినో జాన్ అనే ఫ్రాన్సిస్కన్ 1291 ప్రాంతములో తోమా సమాధి ఉన్నదని చెప్పబడే మైలాపూరు వైపున 13 నెలలు ఆగాడు. ఆ కాలములో సుమారు 100 మందికి బాప్తిస్మమిచ్చినట్లు తన లేఖలో వ్రాశాడు. తరువాత చీనాలో ఆయన క్రొత్త నిబంధనను, కీర్తనలను తాతారుల భాషలోనికి అనువదించాడు. ఆయనకు రాజసైన్యపు అండ గాని, వర్తక కోట గాని లేదు. ఆ మాదిరి రెండు వందల సంవత్సరాల తరువాత మారింది.

రాయల రాజధానిలో ఫ్రే లూయిస్

1500లో కాబ్రాల్ నాయకత్వములో పోర్చుగీసు నౌకలు కోళికోడు చేరినప్పుడు వాటిలో కోయింబ్రా హెన్రీ ఆధ్వర్యములో ఎనిమిదిమంది ఫ్రాన్సిస్కన్లు ఉన్నారు. అదే ఓడలలో ఫిరంగులూ ఉన్నాయి. ఆ డిసెంబరులో పోర్చుగీసు వర్తకశాలపై జరిగిన దాడిలో సన్యాసులు కూడా చనిపోయారు. బ్రతికినవారిలో ఒకడు ఫ్రే లూయిస్ దో సాల్వదోర్.

1510 ఆరంభములో కోళికోడుపై దాడి చేసి దెబ్బతిన్న గవర్నరు ఆల్బుకెర్క్, సామూతిరికి వ్యతిరేకంగా సహాయము కోరుతూ ఈ లూయిస్‌నే కృష్ణదేవరాయల వద్దకు రాయబారిగా పంపాడు. రాయలవారు భూమార్గాన సామూతిరిపైకి రావాలి; అందుకు ప్రతిఫలంగా హొర్ముజ్ గుఱ్ఱాలను దక్కను సుల్తానుకు పోనివ్వక, భట్కల్ రేవుకో రాయలవారు చెప్పిన మరొక రేవుకో పంపుతాము అన్నది సందేశ సారాంశము. దాని విలువ తెలియాలంటే ఒక లెక్క చూడాలి. పోర్చుగీసు వర్తకుడు నూనెజ్ వ్రాసినదాని ప్రకారము విజయనగర రాజు హొర్ముజ్ గుఱ్ఱాలు, దేశవాళీవి కలిపి ఏటా 13,000 కొనేవాడు.

గుఱ్ఱమెక్కరాదని నియమమున్న సభకు చెందినవాడు గుఱ్ఱాల బేరము మోసుకొని వచ్చాడు! లూయిస్ భక్తిని మేము శంకించడము లేదు. ప్రాణభయము లేకుండా అంత దూరము వచ్చిన సేవకుడు అతడు. కాని సభలో ఉన్నవారు అతనిలో చూసినది ఎవరిని? పరదేశి ప్రభుత్వపు మనిషిని. కొద్దికాలానికే అతడు విజయనగరములో హత్యకు గురయ్యాడు. చంపినవాడు ఒక తురుష్కుడని, వెనుక బీజాపూరు సుల్తాను ప్రేరణ ఉన్నదని పోర్చుగీసువారు చెప్పుకొన్నారు. అతడు చేపట్టిన రాయబారమునుబట్టి చూస్తే, ఆ చావు రాజకీయ కారణాలకు దూరము కాదు.

కోటలో ఉన్నవారు, లోపలికి నడిచినవారు

ఫ్రాన్సిస్కన్ కుటుంబములోని మరొక శాఖ కపూచిన్లు. ఫ్రెంచి కపూచిన్ ఎఫ్రెయిం 1642లో గోల్కొండ రాజ్యము మీదుగా మద్రాసు చేరాడు. ఇంగ్లీషు కంపెనీవారి కోటలో ఉంటూ అక్కడి కథోలికులకు పరిచర్య చేశాడు. పోర్చుగీసువారు అతనిని పట్టుకొని గోవా ఇంక్విజిషనుకు అప్పగించారు. అతని విడుదలకు గోల్కొండ సుల్తాను పక్షమునుండి వచ్చిన ఒత్తిడి తోడ్పడింది. క్రైస్తవులు చెరలో వేసిన క్రైస్తవ సన్యాసి కొరకు మహమ్మదీయ రాజు పట్టుబట్టడము మనము మరువరాని సంగతి. అయినా కపూచిన్ల పని ముఖ్యంగా మద్రాసు, పుదుచ్చేరి కోటల నీడలోనే సాగింది.

లోపలికి నడిచినవారు వేరే సభవారు. 18వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేరుతో పుంగనూరు, చిక్కబళ్ళాపురం, అనంతపురం సీమలోని కృష్ణాపురం వరకు వచ్చారు. వీరు భిక్షాటన సభవారు కారు. అయినా కాషాయము కట్టి, మాంసము మాని, తెలుగు, సంస్కృతము నేర్చారు. వారిలో కూర్దూ తెలుగు నిఘంటువు కూర్చాడు. వారివల్ల విశ్వసించిన రెడ్డి కుటుంబాలు కొన్ని తరువాత గుంటూరు సీమకు వలసవెళ్ళి అక్కడి కథోలిక సంఘాలకు మూలమయ్యాయి.

అయితే వారు సన్యాసి వేషముతోపాటు కుల భేదాన్ని కూడా ఒప్పుకొన్నారు. అంటరానివారుగా ఎంచబడిన విశ్వాసుల ఇండ్లకు, రోగి మరణశయ్యపై ఉన్నా, వెళ్ళడానికి వెనుకాడారు. దీనిని, మరికొన్ని ఆచారాలను 1704లో పోపు ప్రతినిధి తూర్నోన్ పుదుచ్చేరిలో ఖండించాడు. కపూచిన్లు ఆ ఖండనను గట్టిగా సమర్థించారు. అందులో న్యాయమున్నది, పుదుచ్చేరి విచారణపై హక్కు యేసుసభకు పోయిందనే కోపమూ ఉన్నది. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు శాసనముతో ఆ వివాదము ముగిసింది గాని కులము ముగియలేదు.

తిరిగి రాక

1928లో బళ్ళారి ప్రత్యేక మిషనుగా ఏర్పడి ఫ్రాన్సిస్కన్ సభ చేతికి వచ్చింది. 1949లో అది మేత్రాసనమైంది. తొలి బిషపు జాన్ ఫారెస్ట్ హోగన్ ఆ సభవాడే. లూయిస్ హతుడైన విజయనగర శిథిలాలు బళ్ళారికి దగ్గరలోనే ఉన్నాయి. ఈసారి సభవారు వచ్చినది రాయబారముతో కాదు, విచారణ గురువులుగా. మన మూడు ఊళ్ళ కథోలికులు 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసన పరిధిలో ఉన్నారు.

ముగింపు

ఈ చరిత్రనుండి రెండు సంగతులు తేలుతున్నాయి. లూయిస్‌కు తగిన జీవిత నియమమున్నది, కాని సువార్తతోపాటు మరొకరి పని నెత్తిన పెట్టుకొన్నాడు. యేసుసభవారు ప్రజల భాషను, వేషాన్ని గౌరవించారు, కాని ఆ గౌరవము మాలమాదిగల గడప దగ్గర ఆగిపోయింది. తన శిష్యులను సంచి, జాలె లేకుండా పంపిన ప్రభువు, దొరికిన ఇంటనే ఉండి పెట్టినది తినుమని కూడా చెప్పాడు (లూకా 10:1–8). ఆ రెండు మాటలలో ఒకదానిని పట్టుకొని మరొకదానిని విడిచినందువలన కలిగిన నష్టమే ఇక్కడ మనకు కనబడుతున్నది.

వారిని తప్పుపట్టి ఊరకుండడము సులభము. మన మందిరాలకు వచ్చే ధనముతో ఎవరి షరతులు వస్తున్నాయి? ఎన్నికల కాలములో మన ప్రసంగ వేదికపై ఎవరు కూర్చుంటున్నారు? ఏ వీధిలో రోగిని చూడడానికి మనము ఆలస్యము చేస్తున్నాము? పెనుకొండ కోట క్రిందనుండి వెళ్ళే పాస్టరు, సెమినరీ విద్యార్థి ఈ ప్రశ్నలు వేసుకొంటే, మన సంఘ చరిత్ర అధ్యయనము పరీక్ష పత్రాన్ని దాటి పరిచర్యలోనికి వస్తుంది.