పాముకాటు పరిశోధనలో పల్లెల పాత్ర

విషసర్పాల అధ్యయనం అనగానే ప్రయోగశాల, పాముకాటు అనగానే ఆసుపత్రి గుర్తుకొస్తాయి. భారతదేశంలో ఈ సమస్య అసలు కొలత తేలింది మాత్రం పల్లె ఇళ్లలో. 2001–03 నాటి మరణాలను పరిశీలించిన మిలియన్ డెత్ స్టడీలో సర్వేయర్లు ఇంటింటికీ వెళ్లి, పోయినవారికి చివరి గడియల్లో ఏమైందో బంధువులను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలు చదివి డాక్టర్లు మరణకారణం నిర్ణయించారు. అలా తేలిన పాముకాటు మరణాలు ఏటా సుమారు 46 వేలు. ఆసుపత్రుల లెక్కకు ఇది ఎన్నో రెట్లు. వీరిలో 97 శాతం పల్లెవాసులే, 77 శాతం మంది ఆసుపత్రి బయటే ప్రాణం విడిచారు. ఉత్తరప్రదేశ్ తర్వాత ఎక్కువమంది పోయింది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. పల్లె చెప్పకపోతే ఈ శాస్త్రానికి లెక్కే లేదన్నమాట.

విరుగుడు మందు సంగతీ అంతే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలతో దీన్ని చేస్తారు. ఆ విషంలో అధికభాగం దశాబ్దాలుగా తమిళనాడుకు చెందిన ఇరులర్ గిరిజనులు అందిస్తున్నదే. పాములు పట్టి చర్మాలు అమ్మే వారి పాత బతుకుతెరువును 1972 నాటి వన్యప్రాణి చట్టం, తర్వాతి పాము చర్మాల ఎగుమతి నిషేధం మూసేశాయి. 1978లో సర్ప నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో ఏర్పడిన సహకార సంఘం పాములు పట్టే ఆ నేర్పునే విషం తీయడం వైపు మళ్లించింది. పట్టిన పామును కొన్ని వారాలు ఉంచుకుని, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. ఈ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది, ఆలస్యంగానే అనాలి.

ఒక్క ప్రాంతపు విషంతో దేశమంతటికీ మందు చేయడమేమిటన్న విమర్శ బలమైనదే. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందనీ, కొన్నిచోట్ల మందు సరిగా పనిచేయదనీ బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపారు. తప్పు ఇరులర్లను పిలవడంలో లేదు, వారి దగ్గరే ఆగిపోవడంలో ఉంది. నెల్లూరు, చిత్తూరు యానాది గిరిజనులకూ పాముల జాడ పట్టడంలో తరతరాల అనుభవముంది. శిక్షణ, అటవీశాఖ అనుమతి, బీమా కల్పిస్తే ఏ ప్రాంతపు విషాన్ని ఆ ప్రాంతంలోనే సేకరించవచ్చు.

పల్లె అనుభవాన్ని గౌరవిస్తే పసరుకూ మంత్రానికీ ముద్ర వేసినట్టవుతుందన్న భయం మరొకటి. అది ఊరికే పుట్టలేదు. గాటు పెట్టడం, కట్టు బిగించడం, మంత్రగాడి ముంగిట గడిచే గంటలు ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. అయినా పాము ఎక్కడ తిరుగుతుందో తెలియడం వేరు, దాని విషానికి మందు తెలియడం వేరు. ఊరి నుంచి మొదటిది తీసుకుని, రెండోదానికి ఆసుపత్రి దారి చూపాలి. నేపాల్ తూర్పు తరాయి పల్లెల్లో జరిగింది ఇదే. గ్రామ వాలంటీర్లు కాటు తగిలినవారిని మోటార్‌సైకిల్ మీద వెంటనే చికిత్సకు చేర్చారు, ఊళ్లలో అవగాహనా కల్పించారు. కాటు తిన్నవారిలో మరణాలు 10.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగాయి, కాట్లూ తగ్గాయి. ఆ తరాయిలోనే దోమతెర కింద పడుకున్నవారికి కాటు ముప్పు తక్కువని మరో అధ్యయనం తేల్చింది. ఎందుకంటే కట్లపాము రాత్రిళ్లు నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు.

2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని భారత ప్రభుత్వం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది రాష్ట్రాలను కోరింది. నమోదు ఆసుపత్రి గుమ్మం దగ్గరే మొదలైతే, అక్కడికి చేరకుండా పోయినవారు మళ్లీ లెక్కలోకి రారు. ఆ మరణం మొదట తెలిసేది ఊళ్లోని ఆశా కార్యకర్తకూ పంచాయతీకీ గనుక, నమోదు చేసే బాధ్యతా అధికారమూ వారికి కూడా ఇవ్వాలి.