ఫస్ట్ లాన్సర్ నుంచి రాణీఖేత్ దాకా

మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు. గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగంను జనం మా సాహెబా అనేవారు. ఆ పేరుతో వెలిసిన చెరువు పూడిపోయింది, ఆ చోట చాచా నెహ్రూ పార్కు వచ్చింది. పార్కు కథ చాలామంది రాశారు. నేను రాయబోయేది దానికి అటూ ఇటూ ఉన్న రెండు సిపాయి పేటల సంగతి. లక్డీకాపూల్ వైపు వెళ్తే ఏసీ గార్డ్స్, మెహదీపట్నం వైపు మళ్ళితే ఫస్ట్ లాన్సర్. ఆటోవాలాకు ఇవి కిరాయి మాట్లాడుకునే పేర్లు. నిజానికి రెండూ నిజాం సైన్యంలోని గుర్రపు దళాల పేర్లు.

ఈ పేటల్లో పెళ్ళికో చావుకో నలుగురు పెద్దలు చేరితే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మా దాదాకు బహాదురీ తమ్గా (సాహస పతకం) వచ్చింది, కాగితాల్లో మాత్రం లేదు." కొందరు వెండి బిళ్ళ చూపిస్తారు, కొందరి దగ్గర ఫోటో ఒక్కటే ఉంటుంది. విన్నవాళ్ళు తల ఊపి ఊరుకుంటారు. అలా ఊరుకోవడం నాకు నచ్చదు. మా పేటల సిపాయిల రికార్డు అంత తేలిగ్గా మాయమయ్యేది కాదు. చాలా సార్లు అది వేరే పేరు కింద, వేరే ఊళ్ళో భద్రంగానే ఉంటుంది.

ముందు ఏసీ గార్డ్స్. పూర్తి పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానాధీశుడు పోషించిన ఆఫ్రికన్ రౌతులు, అంటే సిద్దీలు, నిజాం కొలువుకు చేరడంతో ఈ దళం మొదలైందని చెబుతారు. నిజాం వెంట నడిచే అంగరక్షకులు వీళ్ళు. హైదరాబాద్ సైన్యం రద్దయ్యాక గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, మనుషులు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. నగరంలో ఏ బరాత్‌లో మర్ఫా మోగినా అది వీళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన వాయిద్యమే. సిద్దీల సైనిక సేవ గురించి పుస్తకాల్లో రెండు పేజీలు దొరకడం కష్టం, మర్ఫా వీడియోలు వేలల్లో దొరుకుతాయి. మన జ్ఞాపకం అలా ఉంది మరి.

ఫస్ట్ లాన్సర్ కథ సముద్రాలు దాటింది. మొదటి ప్రపంచయుద్ధం రాగానే 1914లోనే సంస్థానాల గుర్రపు దళాలు ఈజిప్టుకు బయల్దేరాయి. హైదరాబాద్, మైసూరు, ఆ తర్వాత జోధ్‌పూర్ లాన్సర్లు ఒకే బ్రిగేడ్‌లో చేరారు. సూయజ్ కాలువ కాపలా, ఆ తర్వాత పాలస్తీనా. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీదికి ఈటెలతో దూకింది జోధ్‌పూర్, మైసూరు రౌతులు. ఢిల్లీలో 1922లో నిలబెట్టిన తీన్ మూర్తి విగ్రహాలు ఈ మూడు దళాలవి. 2018లో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టాక, అక్కడి మూడో మనిషి హైదరాబాద్ వాడన్న సంగతి ఇంకాస్త వెనక్కి పోయింది. మా ఫస్ట్ లాన్సర్‌లో ఎవరినైనా అడగండి, తీన్ మూర్తి అంటే నెహ్రూ ఇల్లు అంటారు.

ఆ రంగంలో చనిపోయిన భారత సైనికుల పేర్లు సూయజ్ దగ్గర పోర్ట్ తౌఫీక్‌లో ఒక స్మారకం మీద చెక్కారు. 1967 తర్వాత ఈజిప్టు, ఇజ్రాయెల్ పోరులో అది ధ్వంసమైంది. పేర్లను మళ్ళీ కైరో దగ్గర హీలియోపోలిస్ యుద్ధ శ్మశానంలో ఎక్కించారు. రాయి పగిలినా జాబితా మిగిలింది కాబట్టి పేర్లు తిరిగొచ్చాయి.

ఇక అసలు తిరకాసు. పాత కాగితంలో "హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ" అని ఉంటే అది రెండు వేర్వేరు సైన్యాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి నిజాం సొంత సంస్థాన సేన. రెండోది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. దీని మూలం బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ 1813 ప్రాంతంలో ఇక్కడ కూర్చిన రస్సెల్ బ్రిగేడ్. అదే తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్ అయి, 1903లో భారత సైన్యంలో కలిసిపోయింది. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పేరొచ్చింది. అప్పటికే అందులో కుమావూనీలు, అహీర్లు, జాట్లు నిండిపోయారు. 1945 అక్టోబర్ 27న పేరునే మార్చేసి కుమావూన్ రెజిమెంట్ అన్నారు. హైదరాబాద్ పేరు కొండలెక్కి ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో దిగింది.

దీని ఫలితం చూడండి. స్వతంత్ర భారతంలో తొలి పరమ వీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో కమిషన్ తీసుకున్నది 19వ హైదరాబాద్ రెజిమెంట్ 8వ బెటాలియన్‌లో. అరకాన్ పోరులో సేనాని నివేదికలో ఆయన పేరు ప్రస్తావనకు వచ్చింది కూడా ఆ దళంలో ఉన్నప్పుడే. 1947 నవంబర్ 3న కశ్మీర్‌లోని బడ్గాంలో ప్రాణం వదిలేనాటికి ఆయన 4 కుమావూన్ అధికారి. రెండు పేర్ల మధ్య బంధం తెలియని గుమాస్తా చేతిలో ఆయన కాగితాలు పడితే ఇద్దరు వేర్వేరు మనుషులనుకునేవాడు. మేజర్ శర్మకు ఆ ప్రమాదం లేదు, దేశమంతా ఎరుగుదురు. పేరు లేని సిపాయికి మాత్రం ఉంది.

భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన 1948 సెప్టెంబర్ గురించి మా పేటల్లో మాట్లాడుకునేది తక్కువే. 18న నిజాం సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ భారత సేనాని జనరల్ చౌధురికి లొంగిపోయారు. ఎద్రూస్ యువకుడిగా పాలస్తీనాలో హైదరాబాద్ లాన్సర్లతో పనిచేసినవాడు. అంతకు ఐదు రోజుల ముందు, 13న, నల్‌దుర్గ్ దగ్గర భారత సైన్యపు 2 సిఖ్ దళానికి చెందిన హవల్దార్ బచిత్తర్ సింగ్ చనిపోయాడు. అదే రోజు తుంగభద్ర వంతెన దగ్గర 5/5 గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన నాయక్ నర్ బహదూర్ థాపా ఖుక్రీతో ఒక తుపాకీ స్థావరం మీద పడ్డాడు. ఇద్దరికీ అశోక చక్ర వచ్చింది. అయితే వాళ్ళు పోరాడిన రోజున ఆ పతకమే లేదు. 1952 జనవరి 4న దాన్ని ఏర్పాటు చేసి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తిస్తుందన్నారు. సర్కారు తలచుకుంటే వెనక్కి వెళ్ళి రికార్డులో పతకం చేర్చగలదని చెప్పడానికి మన గడ్డ మీద జరిగిన ఆ పోరే సాక్ష్యం. ఆ తేదీల్లో అవతలి గట్టున నిలబడిన మా పేటల సిపాయిలకు పతకాల మాటే లేదు. ఓడిన సైన్యానికి ఎవరిస్తారు?

అశోక చక్రతో ఇంకో చిక్కు ఉంది. 1967 వరకు అందులో మూడు తరగతులు ఉండేవి. ఆ ఏడు రెండో తరగతి కీర్తి చక్ర, మూడో తరగతి శౌర్య చక్ర అయ్యాయి. 1960ల మొదట్లో మూడో తరగతి పొందిన జవాను ఇంట్లో "తాతకు అశోక చక్ర" అంటారు. ఆఫీసులో అశోక చక్ర జాబితా తెరిస్తే పేరు కనిపించదు. ఇంట్లోవాళ్ళు అబద్ధం ఆడలేదు, గుమాస్తా కూడా ఆడలేదు. అలాగే 1971 సంగ్రామ్ మెడల్‌ను సాహస పతకమని పొరబడేవాళ్ళు ఉన్నారు. అది యుద్ధకాలపు సేవకు ఇచ్చినది. ఈ సంగతి మెల్లగా చెప్పాలి, ఆ ఇంట్లో పెద్దాయన వింటూ ఉంటాడు.

నిజంగా పతకం వచ్చి, గెజిట్‌లో అచ్చయి, డిశ్చార్జ్ బుక్కులో ఎక్కకపోతే దారి ఉంది. గెజిట్ ప్రతి, సర్వీసు నంబరు, పీపీఓ (పింఛను ఉత్తర్వు) జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ దళపు రికార్డ్స్ ఆఫీసుకు అర్జీ పెట్టాలి. ఆర్టిలరీ అయితే నాసిక్, కుమావూన్ అయితే రాణీఖేత్, సైన్యపు ఇంజనీరింగ్ విభాగం ఈఎంఈ అయితే పక్కనే సికింద్రాబాద్. పేర్లతో జాగ్రత్త. సైన్యం మన ఇంటిపేరును పట్టించుకోదు. నరసింహులు ఒక కాగితంలో నర్సిములు, మరో కాగితంలో నర్సింగ్ అవుతాడు. మొహమ్మద్‌కు నాలుగు స్పెల్లింగులు. నంబరు ఒక్కటే మారదు. ఇది పరువు విషయమే కాదు, డబ్బు విషయం కూడా. 2017 ఆగస్టు నుంచి కేంద్రం వీర చక్రకు నెలకు 7,000, శౌర్య చక్రకు 6,000, శౌర్యానికి ఇచ్చిన సేనా మెడల్‌కు 2,000 రూపాయల భత్యం ఇస్తోంది. పుస్తకంలో పతకం లేకపోతే ఆ భత్యం అడగడానికి ఆధారమే లేదు.

సిఫారసు జరిగి పతకం రాకపోతే అది వేరే సంగతి. ఆ తలుపు చాలా బరువు. అయినా రాతలు మారిన సందర్భం ఉంది. కార్గిల్‌లో బటాలిక్ వైపు 70వ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్ తన పని తక్కువ చేసి రాశారని ఢిల్లీలోని సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. పైఅధికారి అంచనాలో పక్షపాతం ఉందని తేల్చి, యుద్ధ కథనాన్ని సవరించాలని ట్రిబ్యునల్ 2010 మేలో ఆదేశించింది. పదకొండేళ్ళు పట్టింది. బ్రిగేడియర్‌కే అంతకాలం పడితే సిపాయి సంగతి మీరే ఊహించుకోండి. అమెరికాలో ఇంకా ఆలస్యం: రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన ఏడుగురు నల్లజాతి సైనికులకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది 1997లో. అందుకోవడానికి అప్పటికి వెర్నన్ బేకర్ ఒక్కడే బతికి ఉన్నాడు.

అందుకే మాసబ్ ట్యాంక్ చుట్టుపక్కల వాళ్ళకు నాదొక విన్నపం. ట్రంకు పెట్టెలో దాదా కాగితాలు ఉంటే, హైదరాబాద్ అన్న మాట పక్కన ఏ అంకె ఉందో చూడండి. 19 ఉంటే రాణీఖేత్‌కు రాయండి. లాన్సర్లు, ఆఫ్రికన్ గార్డ్స్, స్టేట్ ఫోర్సెస్ అని ఉంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళి నిజాం కాలపు దఫ్తర్లు అడగండి. 1914 యుద్ధం నాటి సాహసమైతే పాత గెజిట్లలో ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ పేర్ల కింద వెతకాలి. సంస్థాన సేనల వాళ్ళకూ అవి దక్కేవి. ఆర్కైవ్స్‌లోని ఆ దఫ్తర్లు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. షికస్తా అనే గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దలు మన గల్లీల్లో ఇంకా కొందరున్నారు. వాళ్ళు ఉండగానే చదివించుకోండి, నంబరు రాసుకుని ఇంట్లో ఇద్దరికి చెప్పి పెట్టండి.