మాపటికల్లా పులిసే చరిత్ర

హుజూరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం మాపటేళ ఎవరైనా "తాళ్లళ్లకు పోదామా మామా?" అంటే, ఎక్కడికని ఎవరూ ఎదురడగరు. ఆ పిలుపులో దుకాణం పేరుండదు, చెట్ల పేరే ఉంటుంది. చెరువుకట్ట దిగితే తాళ్ల వరస. వాటి కింద మూడు పొయ్యిరాళ్లు, బోర్లించిన లొట్లు, కూచోవడానికి ఎండుమట్టలు. అదే మండువ. ఒకాయన తాటాకు రేకను దొప్పలా ముడిచి మూతికి ఆనిస్తే గీసినాయన లొట్టి వంచి పోస్తాడు. పక్కన పెంక మీద, పొద్దున చెరువులో పడ్డ పరకలు కారం పట్టించుకుని చిటపటమంటుంటాయి.

నీటి ఒడ్డున కూచుని చేప తింటూ నురగ పానీయం తాగడానికి ఇంగ్లండు వాళ్లు పబ్బులు కట్టుకున్నారు. కేరళ కుట్టనాడులో కాలువ గట్టున కల్లు 'షాపు' ఉంటుంది, కొబ్బరికల్లు పక్కన కరిమీన్ వేపుడు వస్తుంది. మన మండువకు గోడలు లేవు, చెట్టు ఎక్కడుంటే మండువ అక్కడే. కారణం ఒక్కటే. కల్లు నిల్వ ఉండదు. దాని రుచీ, దాని చుట్టూ పుట్టిన పన్నులూ, పోరాటాలూ, కల్తీలూ అన్నీ ఈ ఒక్క గుణం చుట్టే తిరిగాయి.

కల్లు అన్న మాట ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. తమిళంలో 'కళ్', కన్నడ మలయాళాల్లో 'కళ్ళు'. సంగమకాలపు తమిళ కవులు ఎరిగిన మాట. ఇంగ్లీషువాళ్ల 'టాడీ' కూడా మన చెట్టు నుంచే పోయింది. సంస్కృతపు తాళం హిందీలో తాడ్ అయింది, దాని రసం తాడీ అయింది, ఓడెక్కి టాడీ అయింది. చలిదేశంలో విస్కీలో వేడినీళ్లు, చక్కెర కలుపుకుని 'హాట్ టాడీ' అని తాగేవాళ్లకు తమ గ్లాసు మీద తాటిచెట్టు నీడ ఉందని తెలియకపోవచ్చు.

బీరు చేయాలంటే బార్లీని నానబెట్టాలి, మొలకెత్తించాలి, ఉడికించాలి, ఈస్టు కలపాలి. తాటిచెట్టు ఆ శ్రమంతా తప్పిస్తుంది. గెల కొసను కత్తితో పలచగా చెక్కితే కారే నీరాలో లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఆ చుక్క లొట్టిలో పడగానే గాలిలోని, లొట్టి గోడల్లోని ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దటి కల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి నురగ పొంగి మత్తు నూటికి 4, 5 పాళ్లకు చేరుతుంది. మర్నాటికి పులుపు, ఆ తర్వాత ఇక వెనిగరే. ఆపాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదా చల్లబెట్టాలి. అందుకే మండువలో బేరం కన్నా ముందు వచ్చే ప్రశ్న "ఎప్పుడు దింపినవ్?"

చెట్లు రెండు, కాలాలు రెండు. చలికాలం ఈతది. దాని మొద్దునే, మట్టల మొదట్లో, చెక్కుతారు. ఒక ఏడు ఒక వైపు గీస్తే మరుసటేడు అవతలి వైపు. అలా వంకరటింకరగా గంట్లు పడతాయి. వాటిని లెక్కబెడితే ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పొచ్చు. నడుమ కొన్ని రోజులు చెట్టును ఆరనిచ్చి మళ్లీ గీస్తే వచ్చే రసం మరీ తియ్యన. చలి వెనకబట్టాక తాటి వంతు. పోతుతాడుకు పూకొమ్ములను, పండుతాడుకు కాయగెలలను గీస్తారు. నాటాక ఏళ్లకేళ్లు ఆగితే గానీ తాడు కల్లివ్వదు. నిటారు చెట్టెక్కడానికి కల్లు గీసే గౌడు దగ్గరుండేవి మోకు, ముస్తాదు, గుజి, పదునైన కత్తి. వాటితో పాటు కాటమయ్య మీద నమ్మకం. మోకు జారి ప్రాణాలు పోవడం, నడుములు విరగడం గౌడ కులానికి తరతరాల దుఃఖం. తెలంగాణ సర్కారు 2024 జూలైలో పంచడం మొదలుపెట్టిన భద్రతా కిట్టుకు కూడా 'కాటమయ్య రక్షణ కవచం' అని దేవుడి పేరే పెట్టింది.

ఇక చేప సంగతి. హుజూరాబాద్‌కు సముద్రం అంగడిలో ఎండురొయ్యల రూపంలోనే వస్తుంది. పచ్చిచేప మాత్రం చెరువుదే. ఓరుగల్లుకూ కరీంనగర్‌కూ నడుమ ఉన్న ఈ నేల కాకతీయుల నాటి నుంచీ చెరువుల సీమ. శ్రీరాంసాగర్ నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ దిగువ మానేరు దాటాక ఈ ప్రాంతం మీదుగానే వరంగల్ వైపు సాగుతుంది. ఎండలు ముదిరి చెరువులో నీళ్లు దిగిపోయాక ముదిరాజులు, గంగపుత్రులు వలలు దింపుతారు. రవ్వ, బొచ్చె, జెల్ల, బురదలో దాగిన కొర్రమట్ట బయటపడతాయి. తాళ్లు దండిగా పారే నెలలూ అవే. కట్ట పైన చెట్టు, కట్ట కింద చేప ఒకే కాలంలో చేతికొస్తాయి. ఐసు లేని రోజుల్లో రెండూ పొద్దుగూకేలోపు చెల్లిపోవలసిన సరుకులే. ఈ జోడీని కుదిర్చింది వంటవాడు కాడు, పంచాంగం. చింతపులుసు పోసి వండిన చేపకు కల్లులోని పులుపు ఎదురు పడదు, తోడుగా నిలుస్తుంది.

రాజ్యానికి మాత్రం ఈ నిల్వ ఉండని గుణం పెద్ద చిక్కు తెచ్చింది. సారానైతే బట్టీ దగ్గర కొలిచి, సీసాల్లో నింపి, గిడ్డంగికి తాళం వేసి పన్ను రాబట్టొచ్చు. కల్లుకు తాళం వేస్తే ఎల్లుండికి వెనిగర్ మిగులుతుంది. అందుకే సర్కారు కల్లును వదిలి చెట్టును పట్టుకుంది. చెట్లకు నంబర్లు వేసింది, గుత్తకిచ్చింది. 'ఆబ్కారీ' పారశీక మాట. ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని. నిజాం ఖజానాకు ఈ నీళ్ల పని పెద్ద రాబడి. గుత్తేదారు చేతికి చెట్టు పోయాక గీసేవాడు కూలివాడయ్యాడు. దొరల గడీకి వెట్టిగా కల్లు పోయాల్సిరావడం ఆ పైన బరువు.

తిరగబడ్డవాళ్ల కథ అంతకన్నా పాతది. గౌడు ఇంట పుట్టిన సర్వాయి పాపన్న సైన్యం కూడగట్టి 1708లో ఓరుగల్లును, మరుసటేడు భువనగిరిని కొల్లగొట్టి, 1710లో మొఘలుల చేతిలో ప్రాణం వదిలాడు. మొఘలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయన్ని దోపిడీదారుగా రాశాడు. జానపదులు వీరుడిగా పాడుకున్నారు. హుజూరాబాద్‌కు దగ్గర్లో, సైదాపూర్ మండలం సర్వాయిపేటలో ఆయన పేరు మోస్తున్న కోట ఇప్పటికీ ఉంది. 20వ శతాబ్దంలో నల్లగొండ నేత బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను సంఘంగా నిలబెట్టారు. 'గీసేవానికే చెట్టు' అన్న డిమాండు చివరికి సర్కారు కాగితాల్లోకి ఎక్కింది. సహకార సంఘాల లైసెన్సులతో పాటు గీసేవాడికే నేరుగా చెట్టు అప్పగించే పథకమూ వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక చెట్టు పన్ను రద్దయింది. 2021లో మద్యం దుకాణాల లైసెన్సుల్లో గౌడులకు నూటికి 15 కేటాయించారు. మంచిదే. కానీ ఆ దుకాణంలో అమ్మేది నిల్వ ఉండే సీసా. మండువను ఖాళీ చేయించింది ఆ సీసాయే.

చెట్టు నుంచి ఎంత దూరం పోతే కల్లు అంతగా చెడిపోయింది. పట్నం పెరిగింది, తాగేవాళ్లు పెరిగారు, తాళ్లు పెరగలేదు. పట్నపు కల్లు కాంపౌండ్లలో ఆ లోటును మత్తుమందు పొడి పూడ్చింది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. ఇవి కలిసిన తెల్లనీళ్లకు అలవాటుపడ్డ మనిషికి ఒక్కరోజు అందకపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. హైదరాబాద్‌లో 2004లో మూతబడ్డ కాంపౌండ్లు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనుకుంటారని సామెత. ఇప్పుడు కల్లని పేరు పెట్టుకున్నదాంట్లో కల్లే లేదు.

ఈ బాధ మనొక్కరిదే కాదు. బ్రిటన్‌లో పెద్ద కంపెనీలు బీరు నిల్వ ఉండాలని వడగట్టి, కాచి, ఈస్టును చంపి, పైనుంచి గ్యాసు ఎక్కించాయి. 1971లో సెలవులకు ఐర్లండ్ వెళ్లిన నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్లు, కెర్రీ తీరంలోని డంక్విన్ అనే ఊళ్లో క్రూగర్ బార్‌లో కూచుని ఒక ఉద్యమం మొదలుపెట్టారు. దాని పేరు కామ్రా. 'రియల్ ఏల్' అంటే వాళ్లు ఇచ్చుకున్న అర్థం సూటిగా ఉంటుంది. ఏ పీపాలోంచి పోస్తారో అందులోనే ఇంకా పులుస్తూ ఉండాలి, బయటి గ్యాసు కలపకూడదు. మన లొట్టికి ఆ నిర్వచనం చదివి వినిపిస్తే నవ్వుతుంది. చచ్చిన బీరును చూశాక వాళ్లు బతికున్న బీరు కోసం సంఘం పెట్టారు. మన దగ్గర కల్లు బతికే ఉంది, కాకపోతే చెట్టు కిందే బతికుంది.

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. అక్కడ చలి సాయంతో పులవడాన్ని ఆపుతారు. పట్నపు పిల్లలకు తాటి తీపి తెలియడానికి మంచి దారే. అయితే అది పులవకముందు ఆగిపోయిన కథ. మిగతా సగం కావాలంటే కట్ట దిగాలి.

కట్ట దిగితే, పొద్దు వాలేవేళ గౌండ్లాయన చివరి చెట్టు దిగి మోకు విప్పుతుంటాడు. సగం లొట్టి మిగిలి ఉంది. "రేపటికి ఉంచరాదే?" అని ఎవరో కొత్త మనిషి అంటాడు. ఆయన వినిపించుకోడు. మిగిలింది ఒంపేసి లొట్టి కడిగి బోర్లిస్తాడు. రేపటిది రేపు చెట్టు మీద ఉంటుంది.