మదనపల్లె కొండల్లో వేసవి విడిది, అడవి పొగ

మదనపల్లె సముద్ర మట్టానికి 700 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అక్కడికి 30 కిలోమీటర్ల లోపే ఉన్న హార్స్‌లీ కొండ 1,200 మీటర్లు దాటుతుంది. కడప మైదానం ఎండకు మాడే రోజుల్లో కూడా ఈ కొండ మీద రాత్రిపూట దుప్పటి కావాలి. వేసవిలో జనం కొండెక్కడం అందుకే మొదలైంది. అయితే ఈ ప్రాంతపు అడవి రేగు, చండ్ర, వెలగ లాంటి ఎండు నేల చెట్లతో, వాటి మధ్య నిలువెత్తు పెరిగే బోదగడ్డితో నిండినది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పల్లె మాట. చలి వెళ్లేనాటికే బోద ఎండి, ఆకు రాలి, నిప్పురవ్వ పడితే చాలన్నట్టు ఉంటుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా అడవికి కార్చిచ్చు కాలం. మనిషికి చల్లగాలి అవసరమయ్యేదీ అప్పుడే. ఈ కొండల విహార చరిత్రలో సగం చిక్కు ఇక్కడే ఉంది.

తెల్లదొరలు రాకముందు ఈ కొండ ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే స్త్రీ కొండపైన ఉండేదని, ఏనుగులు ఆమెను సాకేవని, అడవి జనానికి ఆమె మందులిచ్చేదని, ఒకనాడు కనిపించకుండా పోయిందని స్థల కథ. ఆమెకు అక్కడ గుడి ఉంది. ఆ కాలంలో కొండకు వచ్చేవారు గాలి కోసం వచ్చినవారు కాదు. పశువుల కాపరులు, కొట్టాలు కప్పే బోద కోసేవారు, తేనె తీసేవారు అడవిని వాడుకున్నారు. ఎండిన గడ్డి కాలితే మొదటి జల్లుకే లేత చిగురు వస్తుందని కాపరులకు తెలుసు. పొట్టి ఆవులకు పేరుబడ్డ పుంగనూరు సీమలో ఆ చిగురు విలువ తక్కువది కాదు. కావాలని పెట్టిన నిప్పు, తేనె దివిటీ నుంచి జారిన నిప్పు, దారిన పోతూ పారేసిన బీడీ నిప్పు అన్నీ కలిసేవి. ఈ అడవుల్లో మంటలు దాదాపు ఎప్పుడూ మనిషి చేతిమీదుగానే పుట్టాయి. పిడుగులు పడేది సాధారణంగా వాన వెంట కాబట్టి వాటి పాత్ర స్వల్పం.

మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ 1860ల్లో కొండ మీద బంగళా కట్టించుకుని వేసవి అక్కడే గడిపాడు. కొండకు ఆయన పేరే స్థిరపడింది. 1859లో నాటినదిగా చెప్పే ‘కల్యాణి’ అనే నీలగిరి చెట్టు ఇప్పటికీ అక్కడి ఆకర్షణ. నీడకూ అందానికీ తెచ్చిన ఈ జాతి ఆకులో నూనె ఉంటుంది. రాలిన ఆకు ఎండితే ఇట్టే అంటుకుంటుంది. విడిది కోసం పెంచిన తోపే కొండ మీద మంటకు మేత కాగలదన్న ఆలోచన ఆనాడు ఎవరికీ వచ్చినట్టు లేదు.

మద్రాసు అటవీ శాఖ 1856లో మొదలైంది, మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది. మద్రాసు అడవుల మీద 1883లో నివేదిక రాసిన డీట్రిచ్ బ్రాండిస్ మంటల నుంచి రక్షణ గట్టిగా ఉండాలన్నాడు. మేపు మీద ఆంక్షలు, రుసుములు పెరిగాయి. ఆ కోపం 1921లో మదనపల్లెకు ఉత్తరాన ఉన్న రాయచోటి తాలూకాలో అటవీ సత్యాగ్రహంగా బయటపడింది. పుంగనూరు సీమ మాత్రం జమీందారీ ఏలుబడిలో ఉండేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అక్కడి కొండలు ప్రభుత్వ పరమయ్యాయి. అటవీ శాఖ తెచ్చిన పద్ధతుల్లో ఎక్కువకాలం నిలిచింది ఫైర్ లైన్. అడవి మధ్య వెడల్పాటి బాటలు చెక్కి, ఎండకాలం ముదరకముందే వాటిలోని గడ్డిని తామే కాల్చి, పెద్ద మంట దాటకుండా చేస్తారు. ఏటా కొండ మీద లేచే తొలి పొగ చాలాసార్లు అడవిని కాపాడేవారు పెట్టిందే కావడం ఇందులోని విశేషం.

గాలినే మందుగా నమ్మిన కాలం 20వ శతాబ్దంతో వచ్చింది. క్షయ రోగుల కోసం మిషనరీ సంఘాలు కలిసి మదనపల్లె దగ్గర నెలకొల్పిన శానిటోరియం 1915లో తెరుచుకుంది. ఆ చోటే ఆరోగ్యవరం. పొడి వాతావరణం, ఎత్తైన నేల, తేమ తక్కువ గాలి ఇక్కడ దొరుకుతాయి. శానిటోరియం చికిత్సలో విశ్రాంతి, తెరిచిన వరండాలు, బలం కొద్దీ పెంచే నడక ముఖ్యం. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ ఈ సంస్థకు దేశమంతటా పేరు తెచ్చాడు. 1948లో భారతదేశంలో బీసీజీ టీకాలు మొదలైంది కూడా మదనపల్లెలోనే. ఊపిరితిత్తులు చెడినవారిని ఎండకాలంలో పొగ కమ్మే కొండల పక్కకు తెచ్చారన్నది ఇప్పుడు వింతగా అనిపించవచ్చు. అయినా ఊరి నుసి, మసితో పోలిస్తే ఏడాదిలో చాలా నెలలు ఇక్కడి గాలి మేలైనదే. 1959లో మద్రాసు పరిశోధన ఇంటి దగ్గర మందులు వాడినా క్షయ అంతే బాగా నయమవుతుందని తేల్చాక గాలి చికిత్స వెనకబడింది. మదనపల్లె దగ్గరే, జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో 1920ల్లో ఏర్పడిన రిషివ్యాలీ బడి కరువు నేల మీద చెట్లు పెంచి, బోడి గుట్టలను మళ్లీ పచ్చబరిచింది. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ స్థలమైంది. చెట్టు పెరిగిన కొద్దీ మంటల మీద కాపలా కూడా పెరగాలి.

భక్తుల పంచాంగం విహారుల పంచాంగానికి భిన్నంగా నడిచింది. పుంగనూరు దగ్గరి బోయకొండ గంగమ్మకు పెద్ద ఉత్సవం దసరాకు, వానల తర్వాత, కొండ పచ్చగా ఉన్నప్పుడు. తంబళ్లపల్లె దగ్గర మల్లయ్యకొండ తిరునాళ్ల శివరాత్రికి, అంటే ఎండు కాలపు గడపలో. వేసవి విడిదికి అలాంటి వెసులుబాటు లేదు. బళ్ల సెలవులు, ఎండ, కార్చిచ్చు మూడూ ఏప్రిల్, మే నెలల్లోనే కలుస్తాయి. కుప్పం వైపు లెక్క వేరు. 1980ల్లో ఏనుగులు తమిళనాడు నుంచి అక్కడి అడవులకు రావడం, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడడంతో, పొగ ఉన్నా లేకున్నా అడవిలో నడక ఏనుగుల దయమీద ఆధారపడింది.

పొగను ప్రమాదంగా లెక్కపెట్టడం ఇటీవలి సంగతి. 2014 మార్చిలో శేషాచలం అడవులు తగలబడినప్పుడు తిరుమల కొండ మీదికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లినవారిని మంట చుట్టుముట్టి 20 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత తమిళనాడు ట్రెకింగ్‌కు ప్రత్యేక నియమాలు చేసింది. మంటల కాలంలో అడవి నడకలు ఆపడం అక్కడ మామూలైంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల ద్వారా మంటలు గుర్తించి అటవీ సిబ్బందికి కబురు పంపుతోంది. మంట ఎక్కడుందో దీంతో తెలుస్తుంది. పొగ ఎటు పోతుందో మాత్రం కొండనే చూసి తెలుసుకోవాలి.

రాత్రి చల్లబడ్డ గాలి బరువై లోయలోకి దిగుతుంది; దానితో పొగ కూడా దిగి తెల్లవారేదాకా అక్కడే ఉంటుంది. ఆ వేళ శిఖరం తేటగా, కింది ఊళ్లు మసకగా కనిపిస్తాయి. ఎండ ఎక్కాక గాలి వాలు వెంట పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి పొగ కొండకొమ్ముకు చేరుతుంది. అందువల్ల మంటలున్న రోజుల్లో కొండ మీద ఉన్నవారికి ఉదయపు నడక మేలు. లోయ నుంచి ఎక్కాలనుకునేవారు ఎండ కాస్త ఎక్కేదాకా ఆగి, పొగ పైకి చేరకముందే ముగించాలి. పొగలోని సన్నటి రేణువులు, 2.5 మైక్రాన్ల లోపువి, ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములన్నది దేశపు పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15. ఎక్కుతున్న మనిషి కూర్చున్న మనిషికంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు కనుక ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారికి మసక రోజున ఎత్తు ఎక్కకపోవడమే నయం. మే నెలలో ఒక గట్టి మామిడి జల్లు పడితే బోద తడిసి మంటలు చల్లారతాయి, ఒకటి రెండు రోజుల్లో గాలి తేటపడుతుంది. కొండ యాత్రకు జూలై నుంచి నవంబరు దాకా ఉన్న నెలలు ఈ లెక్కన అన్నిటికంటే నిశ్చింతైనవి.