గురుత్వమును తూఁచిన గురువు



మన మహాసభల సంచికకు ఏటేట నొక చరిత్ర వ్యాసమును వ్రాయుట నాకు వాడుకయైనది. ఇంతవఱకు శాసనములను గూర్చియు, గ్రామనామములను గూర్చియు, మన పూర్వులలోని దాతలను గూర్చియు వ్రాసితిని. ఈ యేఁడు కార్యదర్శిగారు విద్యార్థి వేతన నిధికిఁ దగిన విషయమును వ్రాయుఁడని కోరిరి. అందుచే అమెరికా దేశీయుఁడగు నొక ఖగోళ శాస్త్రజ్ఞుని చరిత్రమును ఎన్నుకొంటిని. ఆయన పేరు జోసెఫ్ టేలర్. ఆయన మనవాఁడు కాఁడు, మన దేశమువాఁడును గాఁడు. అయినను మన వసతిగృహమునఁ జదువు పిల్లలకును, వారికి వేతనమిచ్చు పెద్దలకును, పాఠములు చెప్పిన నావంటివారికిని ఈ చరిత్రతోఁ బని కలదు.

సంస్కృతమున గురుత్వ శబ్దమునకు బరువనియు, గురువుయొక్క స్థితి యనియు రెండర్థములు. శాస్త్రజ్ఞులు మొదటి యర్థమును గైకొని గురుత్వాకర్షణ మనిరి. టేలరు జీవితమునకు రెండర్థములును గావలయును.

ఆయన 1941వ సంవత్సరము మార్చి 29వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున, క్వేకర్లను క్రైస్తవ శాఖకుఁ జెందిన కుటుంబమున జన్మించెను. బాల్యము న్యూజెర్సీలోని సిన్నమిన్సన్‌యందు తమ వ్యవసాయ క్షేత్రమున గడచెను. ఆయనయు సోదరుఁడును రేడియో పిచ్చివారు. ఇంటి మూఁడవ యంతస్తు వారి యంత్రములతో నిండెను. ఇంటి కప్పుపై వారు నిలిపిన పెద్ద యాంటెన్నా యొకటి ఇటుకల పొగగొట్టమును కప్పుమట్టమునకు నఱకివైచెను. తల్లిదండ్రులు మిక్కిలి కలఁతచెందిరి. మన యిండ్లలోనైనచో ఆ దినముతో ఆ పిల్లల రేడియోలు పాతసామానుల వానికిఁ జేరెడివి.

1963లో హావర్‌ఫర్డ్ కళాశాలయందు పట్టమునొందుటకు ముందు, చదువులో భాగముగా రేడియో దూరదర్శిని నొకదానిని స్వయముగా నిర్మించెను. 1968లో హార్వర్డునందు డాక్టరు పట్టము వచ్చెను. ఆ యేఁడు ఫిబ్రవరిలోనే పల్సరుల వార్త లోకమునకు వెల్లడియయ్యెను.

పల్సరనఁగా నేమి? సూర్యునికంటె మిక్కిలి పెద్దదగు నక్షత్రము ఇంధనము ముగిసి ప్రేలినపుడు, దాని గర్భము తనలోఁ దాను కూలి, సుమారు 20 కిలోమీటర్ల వ్యాసముగల గోళమగును. అంత చిన్న గోళమున సూర్యునికంటె నెక్కువ పదార్థ మిమిడియుండును. అది గిరగిర తిరుగుచు, దీపస్తంభపు వెలుఁగువలె రేడియో కిరణమును చుట్టును విసరుచుండును. ఆ కిరణము మనపై సోఁకినప్పుడెల్ల నొక స్పందనము వినవచ్చును. ఆ స్పందనములు మంచి గడియారమువలె క్రమము తప్పవు.

దీనిని మొదట గుర్తించినది కేంబ్రిడ్జియందు పరిశోధన విద్యార్థినియగు జోసెలిన్ బెల్. 1967లో ఆమె, యంత్రము దినదినమును గీయుచుండిన పొడవైన కాగితపు చుట్టలను కంటితోఁ బరిశీలించుచు, ఒక చిన్న వింత గుర్తును విడువక పట్టుకొనెను. 1974లో ఆ యావిష్కరణమునకై నోబెల్ బహుమానము ఆమె గురువగు ఆంటొనీ హ్యూయిష్‌కు వచ్చెను. మార్టిన్ రైల్ దానిఁ బంచుకొనెను. ఆమెకు రాలేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుఁడు.

టేలరు వెంటనే సహచరులతోఁ గలసి గ్రీన్‌బ్యాంకునందలి దూరదర్శినితో క్రొత్త పల్సరులను వెదకఁబూనెను. కంటికి మాఱుగా కంప్యూటరుచే వెదకు పద్ధతిని పెంపొందించెను. 1969లో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుఁడయ్యెను. అచట ఆయనకు లభించిన శిష్యుఁడు రసెల్ హల్స్.

ప్యూర్టోరికో ద్వీపమున ఆరెసీబోయందు, కొండల నడుమ గుంటలో పఱచిన 305 మీటర్ల వ్యాసముగల రేడియో పళ్లెము ఉండెడిది. అది 2020 డిసెంబరు 1వ తేదీన కూలిపోయెను. హల్సు 1974లో చెక్కపెట్టెలో నమర్చిన చిన్న కంప్యూటరుతో అచటికిఁ బోయి 40 క్రొత్త పల్సరులను గనుగొనెను. వానిలో నొకటి జూలై 2వ తేదీన దొరకినది. సంజ్ఞ బలము 7 కంటె తక్కువైనచో యంత్రము దానిని లెక్కింపదు. దీని బలము 7.25. స్పందన కాలము 0.059 సెకను, అనఁగా సెకనునకు ఇంచుమించు 17 చుట్లు. ఆగస్టులో మఱల కొలువఁగా ఆ కాలము మాఱియుండెను. పల్సరు గడియారము తప్పదని యెఱిఁగిన ఆ విద్యార్థి తన లెక్కలోనే తప్పు వెదకెను. కాగితముపై సంఖ్యను వ్రాసి కొట్టివేసెను. మఱల వ్రాసి మఱల కొట్టివేసెను. సెప్టెంబరు మధ్యమునకు సంగతి తేలెను. ఆ పల్సరు ఒంటరిది కాదు, మఱియొక తారను చుట్టివచ్చుచున్నది. మనవైపు వచ్చునపుడు స్పందనములు దగ్గఱగును, వెనుకకుఁ బోవునపుడు ఎడమగును. రైలు వచ్చునపుడు కూఁత హెచ్చుస్థాయిని, దాఁటిపోవునపుడు తగ్గుస్థాయిని వినఁబడుటయు నిట్టిదే.

వార్త వినిన టేలరు మేలైన యంత్రములతో ఆరెసీబోకు వచ్చెను. 1975 జనవరిలో వెలువడిన ప్రకటనపై పేళ్ల వరుస ఇది: హల్స్, టేలర్. శిష్యుని పేరు మొదట.

ఆ జంట గరుడ మండలమున, అనఁగా మన శ్రవణా నక్షత్రమున్న మండలమున నున్నది. 7 గంటల 45 నిమిషములకు ఒక ప్రదక్షిణము. గ్రహకక్ష్యల మందోచ్చములు కదలునని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. బుధునికి కల్పమునకు 368 చుట్లు. బుధకక్ష్య కదలికలో న్యూటను సూత్రమునకుఁ జిక్కక మిగిలిన భాగము శతాబ్దమునకు 43 వికలలు. దాని కారణమును 1915లో ఐన్‌స్టీన్ చెప్పెను. ఇదియంతయు మన సిద్ధాంతములలో ముందే కలదని కొందఱు సభలలోఁ బలుకఁగా వింటిని. మందోచ్చము కదలుననుట వేఱు, ఏల కదలునో చెప్పుట వేఱు. మన పూర్వులకు వారి కీర్తి చాలును. టేలరు కొలిచిన జంటయందు ఆ కదలిక సంవత్సరమునకే 4.2 డిగ్రీలు. దీనిని ఇతరములగు కొలఁతలతోఁ జేర్చి, రెండు తారలను త్రాసునఁ బెట్టినట్లు తూఁచిరి: ఒకటి సూర్యునికి 1.44 రెట్లు, మఱియొకటి 1.39 రెట్లు.

అసలు పరీక్ష వేఱొకటి. బరువైన వస్తువులు ఒకదాని నొకటి చుట్టునపుడు గురుత్వ తరంగములు వెలువడునని ఐన్‌స్టీన్ 1916లోఁ జెప్పెను. 1936లో ఆయనకే దానిపై సందేహము పుట్టెను. తరంగములే యున్నచో, అవి శక్తిని గొనిపోవుటచే జంట క్రమముగా దగ్గఱఁ జేరవలయును, ప్రదక్షిణకాలము తగ్గవలయును. ఆ తగ్గుదల ఏడాదికి సెకనులో పదిలక్షల వంతులు 76 మాత్రమే. దాని నెట్లు కొలుతురు? కొలువరు, వేచియుందురు. ప్రతి ప్రదక్షిణమును కొంచెము ముందుగా ముగియును, ఆ కొంచెములు కూడుచుండును. మొదటి యేఁటికి కూడినది సెకనులో ఇరువదవ వంతునకుఁ దక్కువ. నాల్గేండ్లకు అర సెకనునకుఁ బైన. ముప్పది యేండ్లకు సుమారు 40 సెకనులు. నాల్గేండ్ల కొలఁతలతో టేలరు 1978 డిసెంబరులో మ్యూనిక్ సభయందు ఫలితమును బ్రకటించెను. మఱి దశాబ్దముల తరబడి, జోయెల్ వైస్‌బర్గుతోఁ గూడి, అదే జంటను విడువక కొలిచెను. మిగిలిన స్వల్ప భేదమునకు మన పాలపుంత తిరుగుటయే ముఖ్యకారణమని 1991లో థిబో దామూర్‌తోఁ గలసి లెక్కించెను. అటుపిమ్మట సిద్ధాంతమునకును కొలఁతకును గల భేదము వేయింట రెండు పాళ్లకుఁ దిగెను.

ఈలోపల హల్సు 1977లో ఖగోళశాస్త్రమును విడిచి ప్రిన్స్‌టన్‌యందలి ప్లాస్మా ప్రయోగశాలలో ఉద్యోగమునఁ జేరెను. ముప్పది యేండ్ల కొలువు ఆతనిది కాదు, టేలరుది. 1992లో వుల్ఫ్ బహుమానము టేలరున కొక్కనికే వచ్చెను. 1993లో నోబెల్ బహుమానము మాత్రము ఇరువురకును సమముగా వచ్చెను. పదునాఱేండ్ల క్రిందట ఆ శాస్త్రమును విడిచిన శిష్యుఁడు, గురువు ప్రక్కన స్టాక్‌హోం వేదికపై నిలిచెను. ఆ యుత్సవమునకు టేలరు తన యతిథిగాఁ బిలిచినది జోసెలిన్ బెల్‌ను. పందొమ్మిదేండ్లకు ముందు ఆమెకు దక్కని సభకు ఆమె ఆ విధముగా వచ్చెను.

2006లో ప్రిన్స్‌టన్‌నుండి విరమించిన పిమ్మటను టేలరు బాల్యపు రేడియోను విడువలేదు. చంద్రునిపైఁ దగిలి మఱలివచ్చు మిక్కిలి బలహీనములగు సంజ్ఞలను సైతము పట్టునట్టి కంప్యూటరు క్రమణికలను ఔత్సాహికులకై రచించెను. గురుత్వ తరంగములను 2015లో యంత్రములు నేరుగాఁ బట్టినవి. పల్సరులనే గడియారములుగాఁ జేసికొని మఱింత దీర్ఘములగు తరంగముల జాడను 2023లో బ్రకటించిన వారిలో, పూనా ప్రాంతపు రేడియో దూరదర్శినితోఁ బనిచేయు భారతీయ బృందము కలదు, హైదరాబాదు ఐ.ఐ.టి. వారును అందు భాగస్వాములు.

ఇఁక నా మాట. సుమారు ముప్పదియైదేండ్ల క్రిందట, నేను గ్రహణ గణితమును గూర్చి ఒక పత్రికకు వ్యాసము వ్రాసితిని. అందలి లెక్కలో నేను చేసిన పెద్ద తప్పును మన వసతిగృహపు విద్యార్థి, తొమ్మిదవ తరగతివాఁడు, పట్టి సరిచేసి యిచ్చెను. వ్యాసము నా పేరనే వెలువడెను. పెద్దలు మెచ్చి శాలువ కప్పిరి. ఆతని పేరు నేనెచ్చటను జెప్పలేదు; ఆ సభలో ఆతఁడు వెనుక వరుసలోఁ గూర్చుండెను. మన వసతిగృహపు పాలరాతిపై దాతల పేళ్లు చెక్కియున్నవి, ఉపాధ్యాయులలో నా పేరును గలదు. పిల్లల పేళ్లు హాజరు పట్టీలో మాత్రమే యుండెడివి. ఆ పట్టీలను చెదలు తినినవి.

ఈ వ్యాసమునందలి అంకెలన్నింటిని ఆతఁడే సరిచూచి పంపినాఁడు. నాల్గేండ్లకుఁ గూడు కాలమును నేను తప్పు వేసియుంటిని, దానిని దిద్దినాఁడు. ఈ మాఱైన నీ పేరు వేయుదునని వ్రాసితిని. "వలదు మాస్టారూ, అప్పటి సంగతి నేనెప్పుడో మఱచితిని" అని ప్రత్యుత్తరమిచ్చినాఁడు. మఱచినవాఁడు ఏ సంగతియో ఎట్లెఱుఁగునని నేను మఱల నడుగలేదు.