సీసీఎన్‌ఏ, రెడ్ హ్యాట్ పరీక్షలు: ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

డిగ్రీ చేతికొచ్చాక చాలా ఇళ్లలో వినపడే మాట ఒకటే: ‘‘ఇప్పుడు ఏ కోర్సు చేయించాలి?’’ కోడింగ్ మీద ఆసక్తి లేని పిల్లలకు సర్వర్, నెట్‌వర్క్ పని ఒక మంచి దారి. బ్యాంకు, ఆసుపత్రి, కాలేజీ, గల్ఫ్‌లోని కంపెనీ... ఎక్కడ కంప్యూటర్లు ఉన్నా వాటిని కలిపి నడిపించే మనిషి కావాలి. ఈ పని బీటెక్ వాళ్లకే అని చాలామంది అనుకుంటారు. కానీ సీసీఎన్‌ఏ రాయడానికి సిస్కో ఏ డిగ్రీ షరతూ పెట్టలేదు. బీకాం చదివినా రాయొచ్చు. కాకపోతే పరీక్ష ఫీజు, కోచింగ్ ఖర్చు కలిపితే మామూలు కుటుంబానికి పెద్ద మొత్తమే. అందుకే కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి.

ఏ పరీక్షలో ఏముంటుంది?

సీసీఎన్‌ఏ: నెట్‌వర్క్ రంగంలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు. పరీక్ష కోడ్ 200-301, సమయం 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. సిలబస్‌లో ఎక్కువ వాటా, అంటే 25 శాతం, ఐపీ కనెక్టివిటీది. నెట్‌వర్క్ ప్రాథమికాంశాలకు 20, స్విచ్‌లు, వైర్‌లెస్ ఉండే నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, భద్రతకు 15 శాతం. ఒక ప్రశ్న దాటి ముందుకెళ్తే మళ్లీ వెనక్కి రాలేం. సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది.

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ: ఇది రెడ్ హ్యాట్ లినక్స్ సర్వర్ పరీక్ష, కోడ్ ఈఎక్స్200. ఇందులో ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు. ఎదురుగా ఉన్న సిస్టమ్ మీద నిజంగా పని చేసి చూపించాలి. 300 మార్కులకు 210 వస్తే పాస్. ఇంటర్నెట్ ఉండదు, సిస్టమ్‌లోనే ఉండే మ్యాన్ పేజీలు చూసుకోవచ్చు. చేసిన సెట్టింగ్ రీబూట్ తర్వాత కూడా నిలవాలి, లేదంటే ఆ పనికి మార్కులు రావు.

మైక్రోసాఫ్ట్: ఎంసీఎస్‌ఈ, ఎంసీఎస్‌ఏ నేర్పిస్తామని ఎవరైనా చెప్తే జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ వాటిని 2021 జనవరి 31తో ఆపేసింది. ఇప్పుడు అజూర్ అడ్మినిస్ట్రేటర్ కోసం ఏజెడ్-104 పరీక్ష ఉంది. 1000కి 700 రావాలి. సర్టిఫికెట్ ఒక ఏడాదే చెల్లుతుంది, గడువు ముగిసేలోపు ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యువల్ చేసుకోవచ్చు.

ఇంట్లోనే ల్యాబ్

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నా, ఇంట్లో సొంతంగా చదివినా ప్రాక్టీస్ తప్పదు. దీనికి ఖరీదైన రూటర్లు కొనక్కర్లేదు. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. అందులో రూటర్లు, స్విచ్‌లు కలిపి కాన్ఫిగర్ చేయొచ్చు. లినక్స్ కోసం వర్చువల్‌బాక్స్ పెట్టుకుని, ఆల్మాలినక్స్ లేదా రాకీ లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఇవీ ఉచితమే. విండోస్ సర్వర్‌ను 180 రోజుల ట్రయల్ మీద వాడుకోవచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టొచ్చు.

చదివే పద్ధతి కూడా ముఖ్యం. సబ్‌నెట్టింగ్ రోజూ కాగితం మీద చేయాలి. ఉదాహరణకు 192.168.10.0/26 అంటే 64 అడ్రస్‌లు, వాటిలో డివైస్‌లకు ఇవ్వగలిగేవి 62. ఇలాంటివి చూడగానే చెప్పగలగాలి. లినక్స్‌లో ప్రతి ప్రాక్టీస్ చివర రీబూట్ చేసి చూడండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఒక్క లైను తప్పు రాసినా సిస్టమ్ మామూలుగా బూట్ కాకుండా ఆగిపోవచ్చు. అది పరీక్షలో కాకుండా ఇంట్లోనే జరిగితే మంచిది. సరిచేయడం కూడా వచ్చేస్తుంది.

‘గ్యారంటీ పాస్’ మాట నమ్మొద్దు

అసలు పరీక్షలోని ప్రశ్నలని చెప్పి అమ్మేవాటిని డంప్స్ అంటారు. వీటిని బట్టీ పడితే పాస్ కావచ్చేమో. కానీ దొరికితే సర్టిఫికెట్ రద్దు చేసి, మళ్లీ రాయనివ్వకుండా నిషేధించే అధికారం ఈ కంపెనీలకు ఉంది. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో ‘‘వీల్యాన్ చేసి చూపించు’’ అంటే చేతులు ఆగిపోతాయి. ఫీజు పోతుంది, పనీ రాదు. మీ బదులు వేరేవాళ్లు రాస్తామన్నా ఒప్పుకోవద్దు, అది మోసం.

పేరు దగ్గర జాగ్రత్త

మన ఇళ్లలో ఇది పెద్ద సమస్య. టెన్త్ మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మహమ్మద్’, పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’. ఒకచోట షేక్ ముందు, ఇంకోచోట వెనక. పరీక్ష బుక్ చేసిన పేరు, సెంటర్‌లో చూపించే గుర్తింపు కార్డు మీది పేరు ఒకటి కాకపోతే లోపలికి పంపకపోవచ్చు, కట్టిన ఫీజూ పోవచ్చు. పాస్‌పోర్టు ఉంటే అందులోని స్పెల్లింగ్‌తోనే అకౌంట్ తెరవండి. గల్ఫ్ వెళ్లేటప్పుడు వీసా పేరుతోనూ సర్టిఫికెట్ కలుస్తుంది. ఏ కార్డులు ఒప్పుకుంటారో బుకింగ్ సమయంలోనే చదవండి.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ల్యాబ్ రోజుకు ఎన్ని గంటలు? పరీక్ష ఫీజు ఇందులో కలిసిందా, విడిగానా? నేర్పేది ఇప్పుడున్న సిలబసేనా? జవాబు సూటిగా రాకపోతే డబ్బు కట్టకుండా లేచి రండి. పరీక్ష తేదీ మాత్రం, ల్యాబ్‌లో పనులన్నీ పుస్తకం చూడకుండా చేయగలిగిన రోజే బుక్ చేయండి.