14 అంకెల కంటే ముందు

మా బేతంచెర్లలో ఎవరింటికి పోయినా బీరువా మీద ఒక ప్లాస్టిక్ సంచి కనబడుతుంది. ఏ బట్టల అంగడిదో అయి ఉంటుంది. అందులో రక్తపరీక్ష కాగితాలు, అచ్చు వెలిసిపోయిన ఈసీజీ, ఎక్స్‌రేలు, మందుల చీటీలు. కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలన్నా, నంద్యాలకు పోవాలన్నా ముందు ఆ సంచి దించాల్సిందే. అసలు ఈ కాగితాలు మన చేతికి ఎప్పుడొచ్చాయి, ఇప్పుడు ఫోన్లోకి ఎట్లా పోతున్నాయి అని చదువుతూ పోతే చాలా సంగతులే తెలిశాయి.

మొదట్లో రాసుకునేది డాక్టర్లు, అదీ వాళ్ల కోసమే. అమెరికాలో మేయో క్లినిక్ అనే పేరున్న ఆసుపత్రిలో కూడా ఏ డాక్టరు పుస్తకం ఆ డాక్టరుదే. ఒకే మనిషి గురించి నాలుగు పుస్తకాల్లో నాలుగు ముక్కలు. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే డాక్టరు ఒక మనిషికి ఒక నంబరు, ఒక ఫైలు అనే పద్ధతి తెచ్చాడు. 1968లో లారెన్స్ వీడ్ అనే ఇంకో డాక్టరు, రోగి బాధలను వరుసగా రాసి ఒక్కోదాని కింద ఏం చూశాం, ఏం చేశాం అని రాయాలన్నాడు. రెండూ మంచివే. కానీ ఫైలు మాత్రం ఆసుపత్రి బీరువాలోనే ఉండిపోయింది.

దాన్ని ఇంటికి తెచ్చింది పిల్లల తల్లులు. జపాన్‌లో 1948లోనే తల్లీబిడ్డల పుస్తకం తల్లి చేతికిచ్చారు. నైజీరియా పల్లెల్లో పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే డాక్టరు పిల్లల బరువు గీతల కార్డు తయారుచేసి, అది తల్లి దగ్గరే ఉండాలని పట్టుబట్టాడు. ఆసుపత్రిలో పెడితే పోతుందనీ, తల్లి దగ్గరైతే భద్రంగా ఉంటుందనీ ఆయన లెక్క. మన దగ్గర 1975లో మొదలైన ఐసీడీఎస్‌తో అంగన్‌వాడీల్లోకి బరువు పట్టికలు వచ్చాయి, 2010లో తల్లీబిడ్డల కార్డు వచ్చింది. కాన్పు ముందు పరీక్షలు, టీకాలు, బిడ్డ బరువు అన్నీ ఒకే కార్డులో. నన్నడిగితే కంప్యూటరు కంటే ఇదే పెద్ద మార్పు. ఒకటే లోటు. టీకాలు అయిపోయాక ఆ కార్డు పని అయిపోతుంది. ఆ తర్వాత తల్లికి షుగరొచ్చినా, బీపీ వచ్చినా రాసే పుస్తకం లేదు. మళ్లీ ప్లాస్టిక్ సంచే.

కంప్యూటరు మనకు ఆరోగ్యశ్రీతో తెలిసింది. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైంది. ఆపరేషన్‌కు అనుమతి ఆన్‌లైన్‌లోనే రావాలి. ఆరోగ్యమిత్ర కాగితాలన్నీ పంపితే అక్కడ ట్రస్టు డాక్టర్లు చూస్తారు. మన రిపోర్టు మన కంటే ముందు హైదరాబాదుకు చేరేది! 2010లో హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి సొంతంగా కంప్యూటరు రికార్డు పెట్టుకుంది. 2012లో టీబీ రోగుల కోసం నిక్షయ్ వచ్చింది. ఈ చివరిది మా ఊరికి ముఖ్యం. ఇక్కడ నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఎన్నో. రాతి దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషికి దగ్గు పట్టుకుంటే అది టీబీనా, దుమ్ము వల్లా అని ఎక్స్‌రేలో ఒక్కోసారి తేల్చడం కష్టం. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూడాలి, ఏం పని చేశాడో అడగాలి. పాత ఎక్స్‌రే వానకు తడిసి అతుక్కుపోయి ఉంటే ఏం చూస్తారు?

తర్వాత 2021లో కోవిడ్ టీకా సర్టిఫికెట్. మనలో చాలామందికి ఫోన్లోకి వచ్చిన మొదటి వైద్య కాగితం అదే. ఆ ఏడాది సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది. 14 అంకెల ఆభా నంబరు అంటున్నది దీన్నే. ప్లమ్మర్ నంబరుకు దీనికి తేడా ఏమంటే, ఇది ఒక ఆసుపత్రిది కాదు, మనిషిది. రిపోర్టులు ఎక్కడివక్కడే ఉంటాయి, మనం సరేనంటేనే ఇంకో డాక్టరుకు కనబడతాయి.

మా అత్తకు ఆభా తీశాం. అందులో సర్కారు ఆసుపత్రిలో చూసిన బీపీ, షుగరు తప్ప ఏమీ లేదు. ఆమె సంగతిలో అసలు కావాల్సింది వేరే. చాలా ఏళ్ల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమెకొక సూది పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, నోరు వాచి, ఊపిరాడలేదట. అప్పటి నుంచి ఎవరు సూది తీసినా వణుకు. ఏ మందని డాక్టరు అడిగితే ఆమె చెప్పేది ఒకటే: "అదేదో ఎర్ర మూత సీసామ్మే, ఇంకేం తెలుసు నాకు." 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరినవాళ్ల రికార్డులు 3 ఏళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నేను ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆ మూడేళ్లు దాటిపోయాయి. అడిగితే "అంత పాతవి లేవమ్మా" అన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి నుంచి వస్తుంటే డిశ్చార్జి చీటీతో పాటు ఇచ్చిన మందుల పట్టీ కూడా అప్పుడే అడిగి తెచ్చుకోండి.

ఇంకొక చిక్కు ఓటీపీ. మన దగ్గర ఆడవాళ్ల ఆధార్‌కు మొగుడిదో కొడుకుదో నంబరు ఉంటుంది. అత్త ఆధార్‌కు మా ఆయన నంబరే ఉండేది. అంటే ఆమె రిపోర్టు ఎవరికి చూపాలన్నా "సరే" అనాల్సింది ఆమె కాదు, ఫ్యాక్టరీలో ఉన్న కొడుకు. షుగరుకైతే పర్వాలేదు. గర్భసంచి సమస్యో, మనసు బాగాలేదనో ఒక ఆడమనిషి డాక్టరు దగ్గరికి పోతే? కొత్తగా పెళ్లయిన పిల్లయితే? పాత సంచిని పెట్టె అడుగున దాచుకోవచ్చు. ఇంకొకరి ఫోన్లో ఉన్నదాన్ని ఎక్కడ దాస్తాం? ఈ మాట పైకి అంటే "మొగుడి దగ్గర దాపరికమేందమ్మా" అంటారు. దాపరికం కాదు, ఆమె ఒళ్లు ఆమెది.

అత్తను ఆధార్ కేంద్రానికి తీసుకుపోయి, వేలిముద్ర వేయించి, ఆమె బటన్ ఫోను నంబరే పెట్టించాను. ఓటీపీ వస్తే నన్ను పిలిచి చదివించుకుంటుంది. పోయిన నెల సర్కారు ఆసుపత్రి డాక్టరును అడిగితే, ఓపీ చీటీ పైన ఎర్ర ఇంకుతో రాసిచ్చారు: ఒక ఇంజెక్షన్ పడలేదు, పేరు తెలియదు, ఏది వేసినా జాగ్రత్త. దాన్ని ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాను. అసలు చీటీని అత్త మడిచి తన మందుల డబ్బాలో పెట్టుకుంది.